ముందు వెలువడిన ప్రతి ఏది? ‘షాప్ అరౌండ్’ రికార్డు ఆధారంగా ముద్రణక్రమ నిర్ణయం

వ్యాససంగ్రహం: ఒకే సంఖ్యతో, ఒకే పేరుతో వెలువడిన రెండు గ్రామఫోన్ రికార్డులలో ఏది ముందుదో తేల్చడం పాఠపరిష్కరణకు దగ్గరి సమస్య. మిరకిల్స్ బృందం 1960లో పాడిన ‘షాప్ అరౌండ్’ను ప్రధానంగా తీసుకొని, రికార్డు మీద కనిపించే ఒక్కొక్క గుర్తు ఏ దశకు సాక్ష్యమో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. అరుదైన ప్రతిని తొలి ప్రతిగా భావించే సేకర్తల అలవాటును ఫ్రాంక్ విల్సన్ రికార్డు నేపథ్యంలో విమర్శిస్తుంది.

కీలకపదాలు: సోల్ సంగీతం, గ్రామఫోన్ రికార్డు, ముద్రణ, పాఠం, ప్రతి, పాఠాంతరం, మాతృక.

1. సమస్య స్వరూపం

నల్లజాతి అమెరికన్ల చర్చిగానం, రిథమ్ అండ్ బ్లూస్ కలిసి 1950ల చివర రూపుదిద్దుకొన్న సంగీతరీతికి ‘సోల్’ అని పేరు. ఆ సంగీతానికి ప్రధాన వాహకం 7 అంగుళాల, నిమిషానికి 45 చుట్లు తిరిగే చిన్న రికార్డు. ముఖానికి ఒక పాట చొప్పున రెండు పాటలుండే ఈ రికార్డును ‘సింగిల్’ అంటారు. డెట్రాయిట్ నగరంలో బెర్రీ గోర్డీ 1959లో ఇంటివారి నిధి నుంచి 800 డాలర్లు అప్పు తీసుకొని ప్రారంభించిన టామ్లా సంస్థ మరుసటి సంవత్సరం 54034 సంఖ్యతో ఒక సింగిల్ విడుదల చేసింది. పాడినవారు మిరకిల్స్. ఒక ముఖాన ‘షాప్ అరౌండ్’, రెండో ముఖాన ‘హూజ్ లవిన్ యూ’. మొదటి పాటను రచించినవారు బృందనాయకుడు స్మోకీ రాబిన్‌సన్, గోర్డీ.

ఈ సంఖ్యతోనే ‘షాప్ అరౌండ్’ రెండు వేర్వేరు గానాలుగా దొరుకుతుంది. పల్లవి, చరణాలు అవే. ఒకదానిలో లయ నెమ్మది, వాద్యాల కూర్పు బిగువు తక్కువ. రెండోదానిలో వేగం హెచ్చింది, తాళం గట్టిపడింది. దేశమంతటా అమ్ముడై రిథమ్ అండ్ బ్లూస్ పట్టికలో మొదటి స్థానానికి, బిల్‌బోర్డ్ పత్రిక పాప్ పట్టికలో 2వ స్థానానికి చేరింది రెండోది. నెమ్మది గానం ఉన్న ప్రతులు అరుదు. వీటిలో ఏది ముందు?

జవాబు తెలిసినదే కదా అని సోల్ సంగీతచరిత్ర చదివినవారు అనవచ్చు. నెమ్మది గానమే ముందుదని గోర్డీ, రాబిన్‌సన్ ఇద్దరూ చెప్పారు. రికార్డు డెట్రాయిట్ అంగళ్ళకు చేరిన తరువాత గోర్డీకి అది నచ్చలేదు. తెల్లవారుజామున 3 గంటలకు రాబిన్‌సన్‌ను నిద్రలేపి బృందాన్ని స్టూడియోకు రప్పించాడు. పియానో వాద్యకారుడు రాకపోతే తానే పియానో ముందు కూర్చున్నాడు. కథ రసవత్తరంగా ఉంది. అయితే ఆ కథ విజేతలు చాలా ఏళ్ళ తరువాత చెప్పుకొన్నది. అది లేకపోయి, రికార్డులు మాత్రమే మిగిలి ఉంటే ఇదే నిర్ణయానికి రాగలమా? పరిశోధకుడు అడగవలసిన ప్రశ్న ఇది.

2. రికార్డు పుట్టుక, గుర్తుల సాక్ష్యం

టేపు మీది గానాన్ని మొదట నైట్రోసెల్యులోజ్ పూత పూసిన అల్యూమినియం పళ్ళెం మీద గాడిగా కోస్తారు. దానికి వెండి పూత వేసి, నికెల్ పోత పోసి ఒలిస్తే గాడి గట్టుగా మారిన ప్రతిరూపం వస్తుంది. దీనికి ‘ఫాదర్’ అని పేరు. దాని నుంచి మళ్ళీ గాడి ఉన్న ‘మదర్’, మదర్ నుంచి గట్టు ఉన్న ‘స్టాంపర్’ తయారవుతాయి. మెత్తబడిన వినైల్‌ను నొక్కేది స్టాంపర్. వాడకంలో అది అరుగుతుంది. అప్పుడు అదే మదర్ నుంచి మరొకటి తీస్తారు. కనుక ఒక కోతకు అనేక స్టాంపర్లు, ఒక స్టాంపర్‌కు అనేక ప్రతులు. తాళపత్రగ్రంథాల వంశవృక్షం గీసేవారికి ఈ క్రమం కొత్తగా తోచదు. తేడా ఒక్కటే: లేఖకుడు తప్పు రాస్తాడు, స్టాంపర్ తప్పు రాయదు, అరుగుతుంది.

గాడి ముగిసిన చోటుకు, లేబుల్‌కు నడుమ ఉండే ఖాళీ వలయంలో కోత పనివాడు చేతితో గీసిన అంకెలు, కర్మాగారాల ముద్రలు ఉంటాయి. సేకర్తలకు ఇదే గద్యభాగం, ఇదే పుష్పిక. ఆర్.సి.ఎ. సంస్థ బయటివారికి చేసిపెట్టిన రికార్డుల సంఖ్యలలో మొదటి అక్షరం సంవత్సరాన్ని తెలుపుతుంది: ‘కె’ అంటే 1959, ‘ఎల్’ అంటే 1960, ‘ఎమ్’ అంటే 1961. లాస్ ఏంజెలిస్‌లోని మోనార్క్ కర్మాగారం తన పనులకు వరుస సంఖ్యలిచ్చి, వాటి ముందు త్రికోణం గుర్తు గీసేది. తేదీ తెలిసిన కొన్ని రికార్డులను పక్కన పెట్టుకుంటే తేదీ తెలియని మోనార్క్ రికార్డును వాటి మధ్య అమర్చవచ్చు.

ఇక్కడే సేకర్తలు తరచుగా తొందరపడతారు. వలయంలోని సంఖ్య కోతకో, లోహపు పోతకో సంబంధించినది. చేతిలో ఉన్న ప్రతిని ఏనాడు నొక్కారో అది చెప్పదు. 1960 నాటి స్టాంపర్‌తో మరుసటి సంవత్సరం ముద్రించినా సంఖ్య మారదు. లేబుల్ ముద్రణ వేరే పని, చాలాసార్లు వేరే చోట జరిగే పని. మిగిలిపోయిన పాత లేబుళ్ళను కొత్త ముద్రణకు వాడడం చిన్న సంస్థలలో సహజం. అందువల్ల పాత లేబుల్ ఉన్న ప్రతి ముందుదనడం సాధ్యం కాదు. కొత్త లేబుల్ ఉన్న ప్రతి ఆ లేబుల్ పుట్టకముందుది కాజాలదని మాత్రమే అనగలం. చిరునామాకూ ఇదే నియమం. గోర్డీ వెస్ట్ గ్రాండ్ బూల్‌వార్డ్‌లోని 2648 సంఖ్య గల ఇంటిని కొన్నది 1959లో. ఆ చిరునామా ముద్రించిన లేబుల్ అంతకుముందుది కాదు. ఎంత తరువాతదో అది చెప్పదు.

పదార్థభేదం మరింత పక్కదారి పట్టిస్తుంది. కొన్ని కర్మాగారాలు వినైల్‌కు బదులు స్టైరీన్ అనే ప్లాస్టిక్‌ను అచ్చులోకి పోసి సింగిళ్ళు చేసేవి. వినైల్ ప్రతిలో లేబుల్ ప్లాస్టిక్‌లోకి దిగి ఉంటుంది, స్టైరీన్ ప్రతిలో పైన అతికించి ఉంటుంది. ఒకే సింగిల్ రెండు పదార్థాలలోనూ దొరికితే వినైల్ ముందు, చవక స్టైరీన్ తరువాత అని వరుస కట్టేవారు ఎందరో. రవాణా ఖర్చు తగ్గించుకొనేందుకు ఒక సంస్థ తూర్పున, పడమటన ఉన్న కర్మాగారాలకు ఏకకాలంలో పని అప్పగించడం ఆనాటి ఆనవాయితీ. అలాంటి చోట ముందువెనుకలు అడగడమే పొరపాటు. అవి తల్లీబిడ్డలు కావు, కవల ప్రతులు.

3. ‘షాప్ అరౌండ్’: రికార్డుల నుంచే వాదిస్తే

కేటలాగు సంఖ్య రెండింటికీ ఒకటే కనుక అది మౌనసాక్షి. లేబుల్ కూడా ఒంటరిగా నిర్ణయించలేదు. గానం మారినంత మాత్రాన పాట పేరు, రచయితల పేర్లు మార్చి ముద్రించే అవసరం రాదు. తప్పనిసరిగా మారినది కోత. కొత్త గానానికి కొత్త పళ్ళెం కోయాలి కనుక ఖాళీ వలయంలోని గీతలు రెండింటికీ వేరు. అయితే రెండు సంఖ్యలు ఒకే కర్మాగారపు వరుసలోనివైతేనే వాటిని పోల్చవచ్చు. వేర్వేరు వరుసలలోని అంకెలలో చిన్నదాన్ని ముందుదనడం, శకసంవత్సరాన్ని క్రీస్తుశకంతో పోల్చి చిన్న అంకె ఉన్న శాసనమే పాతదనడం లాంటిది.

మిగిలినవి మూడు ఆధారాలు. నెమ్మది గానం డెట్రాయిట్ ప్రాంతంలో మాత్రమే పంపిణీ కావడం మొదటిది. వేగగానం దేశమంతటా వెళ్ళింది. స్థానికంగా పరీక్షించి ఆపైన విస్తరించడం ఆ సంస్థకు అలవాటైన మార్గం. బారెట్ స్ట్రాంగ్ పాడిన ‘మనీ’ కూడా 1959లో టామ్లా 54027గా వచ్చి, తరువాత దేశవ్యాప్త పంపిణీ కోసం ఆనా లేబుల్ మీద 1111 సంఖ్యతో వెలువడింది. రెండో ఆధారం సంతానం: ఆ కాలపు పునర్ముద్రణలు అనుసరించిన పాఠం వేగగానమే. నెమ్మది పాఠం శాఖ అక్కడే ఆగిపోయింది. మూడోది ప్రయోజనం. దేశమంతా విజయం సాధించిన గానాన్ని పక్కనపెట్టి, బలహీనమైన గానాన్ని అదే సంఖ్యతో అదే ఊళ్ళో విడుదల చేయడానికి వ్యాపారికి కారణం ఉండదు. దిద్దుబాటు నెమ్మది నుంచి వేగానికి జరిగిందనడమే సమంజసం.

ఈ మూడూ ఒకే దిక్కు చూపుతున్నాయి కనుక గోర్డీ కథ లేకున్నా నిర్ణయం నిలుస్తుంది. కాని మూడో ఆధారాన్ని అవసరానికి మించి నమ్మరాదు. ‘బలహీనం’ అనే మాట వేగగానానికి అలవాటుపడిన చెవి ఇచ్చిన తీర్పు. నన్నెచోడుని ‘కుమారసంభవము’ను మానవల్లి రామకృష్ణకవి 1909లో ప్రకటించి ఆ కవిని నన్నయకు ముందువానిగా నిలిపినప్పుడు జరిగిన చర్చ మనకు తెలుసు. శైలి ప్రౌఢిమను, భాషాప్రయోగాలను చూపి ఇరుపక్షాలూ వాదించాయి. ఒకే లక్షణం ఒకరికి ప్రాచీనతాచిహ్నం, మరొకరికి అర్వాచీనతాచిహ్నం అయింది. గుణాన్ని బట్టి కాలాన్ని నిర్ణయించే వాదానికి ఈ బలహీనత ఎక్కడైనా ఉంటుంది. మొదటి రెండు ఆధారాలు గుణంతో నిమిత్తం లేనివి. నిర్ణయభారం వాటి మీదే ఉండాలి.

మరొక చిక్కు కూడా ఉంది. ఈ శతాబ్దంలో వెలువడిన మోటౌన్ సింగిళ్ళ సమగ్ర సంపుటాలలో మొదటిది 1959–1961 కాలానిది. అందులో రెండు గానాలూ ఉన్నాయి. అక్కడ నెమ్మది గానం వినేవాని చేతిలో ఉన్న ప్రతి కొత్తది, పాఠం పాతది. ప్రతి వయస్సును పాఠం వయస్సుగా తీసుకోరాదని తాళపత్రాల పరిష్కర్తలకు ఎవరూ చెప్పనక్కరలేదు. రికార్డుల పట్టికలు తయారుచేసేవారు ఈ భేదాన్ని తరచుగా మరుస్తారు.

4. అరుదైనది తొలిదా?

నెమ్మది ‘షాప్ అరౌండ్’ అరుదు, తొలి ప్రతి కూడా. ఈ యాదృచ్ఛిక సంబంధాన్ని నియమంగా మార్చుకోవడం వల్ల జరిగే హాని ఫ్రాంక్ విల్సన్ పాడిన ‘డూ ఐ లవ్ యూ (ఇన్‌డీడ్ ఐ డూ)’ చరిత్రలో కనిపిస్తుంది. మోటౌన్‌వారి ‘సోల్’ లేబుల్ మీద 35019 సంఖ్యతో 1965లో దీనిని ప్రచారప్రతులుగా ముద్రించి విడుదల మానుకున్నారు. విల్సన్ ఆ తరువాత గాయకుడుగా కాక నిర్మాతగా స్థిరపడ్డాడు. మిగిలినవి రెండు ప్రతులేనని చాలాకాలం చెప్పుకున్నారు. వాటిలో ఒకటి 2009లో 25,742 పౌండ్లకు అమ్ముడైంది.

ఇంగ్లండ్ ఉత్తరప్రాంతంలో అమెరికా మరచిన సోల్ సింగిళ్ళకు నృత్యశాలలలో జనం ఆడేవారు. విగన్ కాసినో వాటిలో ప్రసిద్ధం. 1973 నుంచి 1981 వరకు నడిచింది. అక్కడ రికార్డులు వేసేవారు పోటీదారులకు ఆచూకీ దొరకకుండా లేబుల్‌ను కప్పి, వేరే పేరు చెప్పేవారు. విల్సన్ పాట ఆ శాలలో ‘ఎడ్డీ ఫాస్టర్’ పేరుతో మోగింది. ఆ పేరుతోనే దొంగముద్రణ కూడా అంగడికి వచ్చింది. వేలమంది చేతిలో ఉన్నది ఆ ప్రతి. 1979లో బ్రిటన్‌లో టామ్లా మోటౌన్ అధికారికంగా విడుదల చేసినప్పుడు గాని విల్సన్ పేరు సామాన్య శ్రోతకు చేరలేదు.

ఆ కొద్ది ప్రతులు కూడా నశించి ఉంటే గాయకుని పేరు చరిత్రలో తప్పుగానే నిలిచేది. మొదటి ముద్రణను వెతకడంలో ఉన్న అసలు ప్రయోజనం నాకు ఇక్కడ కనిపిస్తుంది. వేలంపాటలో పలికిన ధరలో కాదు. దొంగముద్రణను పట్టుకొనే పద్ధతి కూడా ధరతో సంబంధం లేనిదే. రికార్డు నుంచి తీసిన నకలులో మాతృక మీది గీతల చప్పుడు గానంలో భాగంగా చేరిపోతుంది. గీతలు లేని నున్నని ప్రతిలో ఒకే చోట ఎప్పుడూ ‘టిక్కు’మని వినిపిస్తే, వేరొక ప్రతి గాయాన్ని అది మోస్తున్నదన్నమాట. సమాన దోషాలను బట్టి లిఖితప్రతుల బంధుత్వాన్ని గుర్తించే తర్కం ఇదే.

అరుదుతనం ఒక ముద్రణ ఎంత తక్కువగా జరిగిందో, ఎంత నశించిందో చెబుతుంది. చివరి ముద్రణ అమ్ముడుపోక నాశనమైనా అది అరుదే అవుతుంది. ప్రచారప్రతి విషయమూ అంతే: తెల్ల లేబుల్ ఉన్నందువల్ల అది దుకాణపు ప్రతి కంటే ముందు కర్మాగారం దాటి ఉండవచ్చు, అదే స్టాంపర్ మీద అదే రోజు నొక్కినదీ కావచ్చు.

5. పట్టికలో నమోదు

తెలుగు పద్యనాటకాలు, హరికథలు ఉన్న గ్రామఫోన్ ప్లేట్లను మన పరిశోధకులు ఆధారాలుగా వాడుకోవడం మొదలైంది కనుక ఈ చర్చ డెట్రాయిట్‌కే పరిమితం కానక్కరలేదు. ఒక ప్లేటును ఉదాహరించేటప్పుడు సంస్థ పేరు, కేటలాగు సంఖ్య ఇచ్చి ఊరుకుంటున్నాం. టామ్లా 54034 విషయంలో ఆ రెండూ ఇచ్చిన పరిశోధకుడు తాను ఏ గానం విన్నాడో చెప్పనట్లే. ఖాళీ వలయంలోని గీతలను ఉన్నవి ఉన్నట్లుగా, కొట్టివేతలతో సహా ఎత్తి రాయాలి. లేబుల్ రూపాన్ని వేరుగా, పదార్థాన్ని వేరుగా నమోదు చేయాలి. గానం, కోత, ముద్రణ అనే మూడింటికి మూడు గడులుండాలి. తెలియని గడిని ఖాళీగా వదలాలి. ఇలా చేస్తే ‘షాప్ అరౌండ్’ రెండు పద్దులవుతుంది: డెట్రాయిట్‌లో ముందు అమ్మినది ఒకటి, 1961 తొలినాళ్ళలో అమెరికా విన్నది మరొకటి. మిరకిల్స్ గాత్రపరిణామం మీద రాసేవారికి మొదటి పద్దు కావాలి. ఆ పాట ప్రభావం మీద రాసేవారు రెండో పద్దును ఉదాహరించాలి, అది మొదటి ముద్రణ కాకపోయినా.