నదీముఖమున నిలిచి చూడదగిన చిత్రములు

డాక్యుమెంటరీ అను పేరు చలనచిత్రములకు వచ్చి సుమారు నూరేండ్లయినది. 1926లో రాబర్ట్ ఫ్లాహెర్టీ తీసిన "మోవానా" అను చిత్రమును సమీక్షించుచు జాన్ గ్రియర్సన్ అను విమర్శకుడు దానికి డాక్యుమెంటు విలువ కలదని వ్రాసినాడు. డాక్యుమెంటు అనగా దస్తావేజు. దస్తావేజనిన మన పల్లెలలో అందరికిని తెలిసినదే. పొలము కొనువాడు కాగితము చేతికి రాగానే నమ్మి డబ్బు లెక్కపెట్టడు. వ్రాయించినవారెవరు, సాక్షులెవరు, హద్దులేవి అని మూడు సంగతులు విచారించును. డాక్యుమెంటరీ చిత్రమును చూచునపుడు కూడ ఈ మూడు ప్రశ్నలే వేసికొనవలెనని ఈ వ్యాసము మనవి. చిత్రము ఎవరి ధనముతో తయారైనది? తెరపై కనబడునది జరిగినదా, జరిపించినదా? చిత్రము ఎచ్చట ఆగినది, దేనిని విడిచినది?

మన దేశమున 1948లో ఏర్పడిన ఫిల్మ్స్ డివిజన్ వారి చిత్రములను చాలకాలము సినిమాహాళ్ళలో అసలు కథకు ముందు తప్పనిసరిగా ప్రదర్శించెడివారు. 2022లో ఆ సంస్థ జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో విలీనమైనది. నేడు చిత్రములకు కొరత లేదు. చేతిలోని ఫోనులోనే వేలకొలదిగా ఉన్నవి. కొరతయల్లా ఎంపికకే. ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు ఏ చిత్రమును చూపవలెను? తన విద్యార్థి తలుపు తెరచి బయటికి వచ్చి సరిచూచుకొనగల చిత్రమును ముందుగా చూపవలెను.

ఇందుకు అంతర్వేది వంటి స్థలము చాల అనుకూలమైనది. ఇచ్చట వసిష్ఠ గోదావరి బంగాళాఖాతమున కలియుచున్నది. భీష్మైకాదశి నాటి ఉత్సవమునకు వచ్చు యాత్రికులు సంగమమున స్నానమాడి, అన్నాచెల్లెళ్ళ గట్టు వద్ద ఏటినీటికిని కడలినీటికిని గల రంగుభేదమును ఒకరికొకరు చూపుకొందురు. నది, సముద్రము, ఒండ్రు, చేపలు, చమురుబావులు, తుపానులు అన్నియు ఈ సీమలో పాఠ్యపుస్తకమునకు వెలుపలనే ఉన్నవి. కనుక ఈ నదీముఖమున నిలిచి చూడదగిన కొన్ని చిత్రములను గూర్చి చెప్పెదను.

మొదటిది "ది రివర్". పేర్ లోరెంజ్ దర్శకత్వమున అమెరికా ప్రభుత్వము తీయించిన ఈ చిత్రము 1938లో విడుదలైనది. నిడివి అరగంట మాత్రమే. మిసిసిపీ నది కథ ఇది. కొండలపై చినుకులు వాగులగుట, వాగులు ఏరులగుట, ఏరులన్నియు మహానదిలో కలియుట మొదట చూపబడినది. తరువాత అడవులు నరికినారు. వాలు నేలలను దున్ని ప్రత్తి వేసినారు. చెట్ల వేళ్ళు పట్టి ఉంచిన పైమన్ను వానకు కొట్టుకొనిపోయినది. 1937లో వచ్చిన గొప్ప వరదను చిత్రబృందము అప్పటికప్పుడే చిత్రీకరించినది. వరద దైవికము మాత్రమే కాదనియు, ఎగువన మనుష్యుడు చేసిన పనికి దిగువన అందిన ఫలితమనియు ఈ చిత్రము ఒప్పించినట్లు మరియొక చిత్రము ఒప్పించుట అరుదు. 1986 ఆగస్టులో ధవళేశ్వరము వద్ద 35 లక్షల క్యూసెక్కుల గోదావరిని చూచిన పెద్దలు ఈ దృశ్యములను సులభముగా గుర్తింతురు.

ఇపుడు మన మూడు ప్రశ్నలు. చిత్రమునకు ధనమిచ్చినది ప్రభుత్వము; అందుచేత చివరకు ఆ ప్రభుత్వమే కట్టించుచున్న ఆనకట్టలను స్తుతించి చిత్రము ముగియుచున్నది. హద్దు అచ్చటనే ఉన్నది. ఒండ్రు ఈ చిత్రమున నష్టముగనే కనబడును. ఎగువ రైతునకు అది నష్టమే. కాని దిగువన డెల్టావానికి ఆ మన్నే నేల. డెల్టాభూమి తన బరువునకు తానే కొద్దికొద్దిగా కుంగుచుండును. ఏటేటా వచ్చు ఒండ్రు ఆ లోటును పూడ్చుచుండును. జలాశయములలో నీరు నిలిచినచో ఒండ్రు అడుగున దిగిపోవును, సముద్రతీరమునకు చేరదు. మిస్సోరీ ఉపనదిపై 1950 తరువాత కట్టిన ఆనకట్టలు మొదలగు కారణములచే మిసిసిపీ మోసికొనిపోవు ఒండ్రు సగమునకు పైగా తగ్గినది. మన గోదావరికిని ఇదే జరుగుచున్నదని ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు హేమమాలిని, నాగేశ్వరరావు గార్లు 2004లో "కరెంట్ సైన్స్" పత్రికలో వ్రాసినారు. డెల్టా అంచున తీరపు కోతకును, ఎగువ ఆనకట్టల వెనుక ఒండ్రు నిలిచిపోవుటకును సంబంధమును వారు చూపినారు. "ది రివర్" చెప్పని ఈ రెండవ సగము అంతర్వేది విద్యార్థికే బాగుగ తెలియగలదు. వరదల కాలమున, పాటు సమయములో, ఒక గాజుసీసా ఏటినీటిని పట్టి రెండు దినములు కదల్పక ఉంచవలెను. వేసవిలో పట్టిన నీటితో దానిని పోల్చి, అడుగున దిగిన మన్ను ఎంతో కొలువవలెను. చిత్రమునకు ఇదియే అనుబంధము.

రెండవది "లూసియానా స్టోరీ". ఫ్లాహెర్టీయే 1948లో తీసినది. మిసిసిపీ డెల్టాలోని మడుగులలో పడవపై తిరుగు ఒక బాలుడు, ఆ నీళ్ళలోనికి వచ్చిన చమురుబావి యంత్రము ఇందలి ముఖ్యపాత్రలు. నీటిపై వ్రేలాడు నాచు, మొసలి, పడవ నెమ్మదిగా కదలు తీరు చూచినచో కోనసీమ పిల్లవానికి తన కాలువలే జ్ఞప్తికి వచ్చును. ఛాయాగ్రహణమున ఇంత సౌందర్యముగల చిత్రములు తక్కువ. ఇందలి సంగీతమునకు వర్జిల్ థామ్సన్‌కు 1949లో పులిట్జర్ బహుమానము లభించినది. "ది రివర్" సంగీతకర్త కూడ ఆయనయే.

చిత్రము నడుమ బావి పేలును. వాయువు, నీరు ఎగజిమ్మును. కొంతసేపటికి సర్దుకొనును. యంత్రము వెడలిపోవును, మడుగు మునుపటివలె నిర్మలముగా నుండును. ఇచ్చట వ్రాయించినవారెవరని అడుగక తప్పదు. ఈ చిత్రమునకు సొమ్మిచ్చినది న్యూజెర్సీ స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ. సాక్షులెవరు? తెరపై తండ్రి, తల్లి, కొడుకు నిజముగా ఒక కుటుంబమువారు కారు. ఆ ప్రాంతపు జనులలో ఏరి కూర్చినవారు. హద్దు ఏది? పాశర్లపూడిలో 1995 జనవరి 8న పేలిన బావి 65 దినములు మండినది. ఆ మంట వెలుగును, వేడిని ఎరిగినవారు చిత్రములోని బావి ఇంత తేలికగా ఎట్లు శాంతించినదని తప్పక ప్రశ్నింతురు. 1932 మొదలు 2016 వరకు లూసియానా తీరమున 4,800 చదరపు కిలోమీటర్లకు పైగా నేల నీటిపాలైనదని అమెరికా భూగర్భ పరిశోధనాశాఖ లెక్కకట్టినది. ఒండ్రు తగ్గుట, నేల కుంగుట, తుపానులతోపాటు చమురు పనులకై త్రవ్విన కాలువలు కూడ ఇందుకు కారణములు. ఇంత మాత్రమున చిత్రమును త్రోసివేయ నక్కరలేదు. అందమైన అబద్ధము ఎట్లుండునో తెలియుటకైనను దీనిని చూడవలెను. ఆ అందములో నిజమైన భాగము కూడ ఉన్నది.

ఇక సముద్రము. మైక్ పాండే 2000లో తీసిన "షోర్స్ ఆఫ్ సైలెన్స్" గుజరాత్ తీరమున తిమింగల సొరల వేటను చూపును. ఇది లోకములోని చేపలలో కెల్ల పెద్దది. ఐనను ఆహారము నీటిలో తేలు సూక్ష్మజీవులు, చిన్న చేపలు. దాని కాలేయపు నూనెకును, మాంసమునకును జరుగుచుండిన వేట ఈ చిత్రము వలన దేశమునకు తెలిసినది. 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో దానిని చేర్చినారు. ఒక చేపకు ఆ రక్షణ లభించుట అదే మొదలు. ఒక చిత్రము చట్టమును మార్చుట సామాన్యము కాదు. కాని చట్టముతో కథ ముగియలేదు. 2004 నుండి అచ్చటి బెస్తవారితో మాటలాడి, వలలో పడిన సొరను వల కోసి విడిచినవారికి వల వెల చెల్లించు ఏర్పాటు జరిగిన తరువాతనే ఫలము కనబడినది. వల వెల ఎంతో ఎరిగిన పల్లిపాలెము పిల్లలకు ఈ సంగతి విప్పి చెప్పనక్కరలేదు.

దీనితో జతగా శేఖర్ దత్తాత్రి తీసిన "ది రిడ్లేస్ లాస్ట్ స్టాండ్" చూపవలెను. ఒరిస్సా తీరమునకు గ్రుడ్లు పెట్టవచ్చు ఆలివ్ రిడ్లే తాబేళ్ళ కథ ఇది. మన తీరమున కూడ అవి గ్రుడ్లు పెట్టును. చచ్చి ఒడ్డునకు కొట్టుకొని వచ్చుటయు కలదు. తాబేలు నీటిలో నివసించినను ఊపిరితిత్తులతో గాలి పీల్చు ప్రాణి. ట్రాలు వలలో చిక్కి పైకి రాలేకపోయినచో నీటిలోనే మునిగి చచ్చును. ఒడ్డున తాబేలు కళేబరమును చూచి "విషము తిన్నదేమో" అని ఊహించు పిల్లవానికి ఈ చిత్రము కార్యకారణ సంబంధమును నేర్పును. తాబేలు తప్పించుకొనుటకు వలలో అమర్చు ద్వారమును గూర్చి తరగతిలో చర్చింపవచ్చును.

సాక్షులను పరీక్షింపనిచో ఏమగునో తెలుపుటకు ఒక హెచ్చరిక చిత్రము కూడ కావలెను. అది డిస్నీ వారి "వైట్ వైల్డర్‌నెస్". 1958 సంవత్సరపు ఉత్తమ డాక్యుమెంటరీగా ఆస్కారు పొందినది. ఇందులో లెమ్మింగులు అను ఎలుకజాతి జంతువులు గుంపులుగా కొండకొమ్ము నుండి దూకి నీటిపాలగుచున్నట్లు చూపినారు. లెమ్మింగులు ఆత్మహత్య చేసికొనవు. సముద్రమే లేని అల్బర్టాలో, మరియొక చోటినుండి కొని తెచ్చిన జంతువులను మనుష్యులే నీటిలోనికి త్రోసినారని 1982లో కెనడా టెలివిజను విచారణలో బయటపడినది. ఐనను ఆ కట్టుకథ నేటికిని నోటినోట సాగుచున్నది. తెరపై ఒకసారి చూచిన అబద్ధమును మాటతో తుడుచుట ఎంత కష్టమో ఉపాధ్యాయులు గ్రహింతురుగాక.

అబద్ధముకాక అతిశయోక్తి ఉన్నచో ఏమి చేయవలెను? ఇందుకు "యాన్ ఇన్‌కన్వీనియెంట్ ట్రూత్" మంచి ఉదాహరణము. భూతాపమును గూర్చి అల్ గోర్ చేసిన ఉపన్యాసముల ఆధారముగ 2006లో వచ్చిన చిత్రమిది. దీనిని పాఠశాలలలో చూపరాదని లండను హైకోర్టులో దావా పడగా, 2007లో న్యాయమూర్తి బర్టన్ చిత్రము మొత్తముమీద శాస్త్రసమ్మతమేననియు, తొమ్మిది అంశములలో మాత్రము నాటి శాస్త్రజ్ఞుల అభిప్రాయమును మీరినదనియు తేల్చినాడు. సముద్రము త్వరలోనే 20 అడుగులు పెరుగునన్న భావము వాటిలో ఒకటి. నిషేధింపలేదు, ఉపాధ్యాయులకు వివరణ పత్రములిచ్చి చూపవచ్చునన్నాడు. ఈ తీర్పు మన ఉపాధ్యాయులకును మార్గదర్శకమే. ఐక్యరాజ్యసమితి శాస్త్రజ్ఞుల సంఘము 2021లో ఇచ్చిన నివేదిక ప్రకారము 1901 నుండి 2018 వరకు ప్రపంచ సముద్రమట్టము సగటున 20 సెంటీమీటర్లు పెరిగినది. 2006 తరువాత ఏటికి 3.7 మిల్లీమీటర్ల చొప్పున పెరుగుచున్నదని తేలినది. అంతర్వేదికి భయపడుటకు 20 అడుగులు అక్కరలేదు. కుంగు నేల, తగ్గు ఒండ్రు, పెరుగు సముద్రము మూడును కలిసినచో సెంటీమీటర్లే చాలును. నిజము చాలినచోట అతిశయోక్తి హాని చేయును. ఏలయనగా అది బయటపడిన దినమున నిజమును కూడ జనులు నమ్మరు.

కడపటిది నాకు అన్నిటికన్న నచ్చినది. జెఫ్ ఒర్లౌస్కీ దర్శకత్వమున 2012లో వచ్చిన "ఛేజింగ్ ఐస్". ఛాయాగ్రాహకుడు జేమ్స్ బేలాగ్ 2007 నుండి గ్రీన్‌లాండ్, ఐస్‌లాండ్, అలాస్కా మొదలగు చోట్ల హిమానీనదముల ఎదుట కెమేరాలను స్థిరముగా బిగించి, సంవత్సరముల తరబడి ఒకే దృశ్యమును తీయించినాడు. ఆ బొమ్మలను వరుసగా నడపినపుడు మంచు వెనుకకు తగ్గుట కన్నులకు కట్టును. బేలాగ్ కష్టములను గూర్చి చిత్రము కొంత ఎక్కువగా చెప్పుననుట నిజమే. కాని సాక్ష్యము మాత్రము తిరుగులేనిది. కెమేరా కదలలేదు, మంచే కదలినది. అది హద్దురాయి వంటి సాక్షి.

ఈ చిత్రములలో పెక్కింటికి వ్యాఖ్యానము ఇంగ్లీషున ఉన్నది. ఉపాధ్యాయుడు ముందుగా ఒకటికి రెండుసార్లు చూచి, వ్యాఖ్యానమును తగ్గించి తెలుగున చెప్పవచ్చును. పది నిమిషములకొకసారి ఆపి ప్రశ్నలు అడుగవలెను. చిత్రము ముగిసిన తరువాత ప్రతి విద్యార్థియు మూడు వాక్యములు వ్రాయవలెను: వ్రాయించినవారు, సాక్షులు, హద్దులు. "ది రివర్" అంతర్జాలమున ఉచితముగ లభించును గనుక దానితో ప్రారంభించుట మేలు.

ఆ మీదట విద్యార్థులే ఒక పని చేయవచ్చును. అంతర్వేది దీపస్తంభము కదలదు. అది కనబడు ఒక చోటును ఎంచుకొని, ప్రతి మాసము ఒకే తిథినాడు, ఒకే వేళకు, ఒకే కోణమున తీరరేఖను ఫోనుతో తీసి తేదీ వేసి భద్రపరుపవలెను. తిథి ఒకటే ఐనచో పోటుపాటుల భేదము చాలవరకు తగ్గును. ఈ తరగతి వెడలిపోయినను తరువాతి తరగతి కొనసాగింపవలెను. పదేండ్లకు అది దస్తావేజగును. దానికి వ్రాయించినవారెవరో, సాక్షులెవరో, హద్దులేవో ఎవరు వచ్చి అడిగినను చెప్పగలము.