జోడుతుపాకి గొట్టపు బిగువు

సంక్రాంతి దాటి మిరప కల్లములకు కావలి మొదలగు దినములలో, అద్దంకి సీమ నల్లరేగడి చేలగట్ల వెంబడి, మంచు విడకమునుపే జోడుతుపాకి భుజమున వేసికొని నడచిపోవు పెద్దలను మా తరమువారు చిన్ననాట చూచియే యున్నారు. వారి గురిని ఊరంతయు మెచ్చుకొనుచుండెడిది. గురికంటె మిన్నయైన విద్య యొకటి వారిలో ఏ కొందరికో యుండెననియు, అది గొట్టపు కొసను ఎరిగిన విద్యయనియు నాకు పెద్దయైన పిదపగాని తెలియలేదు.

ఏ మృగమునకు ఏ సాధనము తగునన్న వివేచన మనకు తుపాకితో వచ్చినది కాదు. కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు పండ్రెండవ శతాబ్దమున మానసోల్లాసమును రచించుచు, మృగయను రాజవినోదములలో చేర్చి దాని విధములను వేరువేరుగా వివరించెను. పెద్దన స్వరోచి వేటను, ధూర్జటి తిన్నని వేటను వర్ణించిన పట్టులలో మన కవులకు ఈ విద్యయందు గల పరిచయము తెలియుచున్నది. ప్రోలయ వేమారెడ్డి అద్దంకి రాజధానిగా ఏలుచు ఎఱ్ఱనచే హరివంశమును అంకితము గొన్న పదునాలుగవ శతాబ్దమున వేటగానికి విల్లు, వల, ఉచ్చు, డేగ, జాగిలము వేరువేరు సాధనములై యుండెను. తుపాకి వచ్చిన పిదప ఆ ఎంపికలో పెద్దపాలు గొట్టపు కొసన ఒక్క అంగుళములో వెయ్యింట కొన్ని వంతుల ఇరుకునందు ఇమిడిపోయినది.

ఆ ఇరుకునకే చోక్ అని పేరు. పౌను సీసమును పండ్రెండు సమానమైన గుండ్లుగా పోసినచో, అందొక గుండు సరిగా పట్టు గొట్టమును పండ్రెండు బోరు అందురు. దాని లోవ్యాసము 0.729 అంగుళము. కొసవద్ద ఆ వ్యాసమును వెయ్యింట నలుబది వంతులు తగ్గించిన ఫుల్ చోక్, ఇరువది తగ్గించిన హాఫ్, పది తగ్గించిన క్వార్టర్, ఐదు తగ్గించిన ఇంప్రూవ్డ్ సిలిండర్. ఏ ఇరుకును లేనిది సిలిండర్. విత్తనము వెదజల్లు రైతు పిడికిలి వదులు చేసిన గింజ విశాలముగా పడును, బిగించిన దగ్గరగా పడును. గొట్టము చేయు పనియు అదియే. ఇంగ్లండునందు న్యూకాసిల్ తుపాకి పనివాడు పేప్ 1866లో దీనికి పేటెంటు పొందెను. 1875లో లండనులో జరిగిన పోటీలలో గ్రీనర్ చోక్ తుపాకులు గెలిచిన పిమ్మట లోకమంతయు దీనిని అంగీకరించినది.

గొట్టముమీద చెక్కిన ముద్రను నమ్మి ఊరకుండువాడు ఈ విద్యలో సగమైనను ఎరుగడు. తడికకు పాత వార్తాపత్రికలు అంటించి, నలుబది గజములు కొలిచి, నిలిచి కాల్చి, గుండ్లు చిక్కగా పడినచోట ముప్పది అంగుళముల వ్యాసముతో వలయము గీచి, అందలి రంధ్రములను ఒక్కొక్కటిగా లెక్కింపవలెను. ఆరవ నెంబరు తూటాలో ఔన్సు సీసమునకు 270 గుండ్లుండును. ఫుల్ చోక్ నూటికి డెబ్బది చొప్పున 189 గుండ్లను వలయమున నిలుపును. సిలిండర్ నలుబది చొప్పున 108 గుండ్లను మాత్రమే నిలుపును. ఒకే తూటా, ఒకే దూరము, ఒకే భుజము. ఐనను పక్షికి మరణమో, రెక్క విరిగి తుమ్మపొదలో మూడు దినములు అలమటించుటయో ఈ తేడాయే నిర్ణయించును. గొట్టపు విద్యయంతయు నిజమునకు దయకు సంబంధించిన విద్యయని నా దృఢమైన అభిప్రాయము.

దూరమునకు చెప్పిన దానికి దగ్గర విపరీతము. ఇరువది గజములవద్ద ఫుల్ చోక్ సుమారు పదునారు అంగుళముల మేర మాత్రమే గుండ్లను చల్లును. కాళ్ళముందు నుండి లేచిన పూరేడు పిట్ట అందు చిక్కెనా, వండుటకు మాంసము మిగులదు. చిక్కకున్న గుండ్లన్నియు గాలి పాలగును. సిలిండరో, అదే చోట ముప్పదిరెండు అంగుళములు పరచును. అందువలన మాగాణి బురదలో వంకరటింకరగా ఎగురు ఉల్లంకి పిట్టకు ఇరుకు లేని గొట్టమును, ఎనిమిదవ నెంబరు సన్నగుండ్లును. సజ్జకొయ్యల నడుమ పరుగెత్తు కుందేటికి హాఫ్ చోక్‌తో ఐదవ నెంబరును. గుండ్లకమ్మ మడుగులమీద ఎత్తున పోవు అడవిబాతులకు ఫుల్ చోక్‌తో నాలుగవ నెంబరును తగియుండెను.

జోడుతుపాకి గొప్పతనము ఇచ్చటనే కలదు. కుడిగొట్టము వదులు, ఎడమగొట్టము బిగువు. ముందరి మీట కుడిదానికి, వెనుకటి మీట ఎడమదానికి. లేచి దూరముగా పోవు కౌజుపై మొదటి వేటు వదులు గొట్టముతో వేసి, తప్పినచో అది మరింత దూరమైన క్షణమున బిగువు గొట్టముతో రెండవది వేయవలెను. ఎదురుగా వచ్చు బాతులకు ఈ క్రమము తిరుగబడును. మొదట వెనుకటి మీట, పిదప ముందరిది. రెప్పపాటులో దూరమును కంటితో కొలిచి, వ్రేలు ఆ కొలతకు తగిన మీటపైకి చేరుట ఏండ్ల అభ్యాసముచే గాని అలవడదు. ఒకే మీటతో వచ్చిన తుపాకులు ఎంత నాజూకైనవైనను, ఎంచుకొను సౌలభ్యమును తగ్గించినవనియే నా తలంపు.

అడవిపందికి మాత్రము లెక్క వేరు. సన్నగుండ్లతో పందిని కాల్చుట క్రూరకార్యము. దానికి ఒంటిగుండు వలయును. గొట్టమునకు సరిపోవు ఉండగుండును ఫుల్ చోక్ గొట్టమున పోనిచ్చుట గొట్టమునకును, కాల్చువానికిని అపాయము. ఈ చిక్కును తీర్చుటకై 1885లో ఫాస్బెరీ అను సైనికాధికారి గొట్టపు కొసన మాత్రము మెలిగాడులు చెక్కి పారడాక్స్ అను తుపాకిని కల్పించెను. సన్నగుండ్లకును ఒంటిగుండునకును పనికివచ్చుటచే మన దేశపు షికారీలు దానిని మిక్కిలి ఆదరించిరి.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము, దాని 1991 నాటి సవరణ ఈ వేటకు ముగింపు పలికినవి. అది న్యాయమే. బట్టమేక పిట్టకై ఏర్పరచిన రోళ్ళపాడు అభయారణ్యమున నేడా పక్షి కానవచ్చుటయే గగనమైనది. చంపినదానికంటె ఎక్కువగా కాపాడవలసిన కాలమిది. విద్య మాత్రము పోలేదు. మట్టిపళ్ళెములను కొట్టు ట్రాప్ క్రీడలో బిగువు గొట్టమును, దగ్గరి స్కీట్ క్రీడలో వదులు గొట్టమును నేటికిని ఎంచుకొనుచునే యున్నారు. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో హైదరాబాదు షూటర్ కైనాన్ చెనాయ్ ట్రాప్‌లో కాంస్యమును, జట్టుతో స్వర్ణమును గెలిచెను.

పైరును పాడుచేయు పందుల విషయమున ఆ వన్యప్రాణి చట్టపు 11వ సెక్షను క్రింద అటవీశాఖ అనుమతి నీయవచ్చును. ఆ అనుమతితో వచ్చినవాడు గొట్టము నెరిగినవాడైనచో జంతువునకు యాతన యుండదు, ఊరికి భయముండదు. అడుగుటకు బద్ధకించి చేను చుట్టును కరెంటు తీగ కట్టువారు, మేతలో నాటుబాంబు దాచువారు పందితోపాటు పశువులను, రాత్రి నీరు కట్ట వెళ్ళిన పొరుగు రైతులను సైతము పొట్టన పెట్టుకొనుచున్నారు. అన్నలారా, ఈ ఏడు మొక్కజొన్న కంకి పాలు పోసికొనక ముందే అటవీ కార్యాలయమున అర్జీ యిడుడు. తీగ మాత్రము కట్టకుడు.