వాదర నిలవాలంటే

భద్రాచలం చేపల మార్కెట్లో కత్తిపీట ముందు కూర్చున్న ఆడవాళ్ళ పని చూసి తీరాలి. పీటని కాలితో అదిమిపట్టి, రెండు చేతులా చేపని కత్తి మీదకి తోస్తారు. కత్తి కదలదు, చేపే కదులుతుంది. పొలుసు గీరడం, మొప్పలు తీయడం, ముక్క కోయడం అన్నీ ఆ ఒక్క వాదర మీదే. ఎంత పెద్ద గోదావరి చేపైనా ముక్క అంచు చెదరదు, వెన్నుముల్లు దగ్గర కూడా చెయ్యి తడబడదు. అందరూ ఆ చేతివాటాన్ని మెచ్చుకుంటారు. నేను ముందు ఆ పదునుకి దణ్ణం పెడతాను.

చాకుని రాయి మీద పెట్టి నూరవచ్చు. కత్తిపీటతో ఆ పని కుదరదు, రాయే కత్తి దగ్గరికి రావాలి. ఇక్కడ రాయికి కరువు లేదు. మణుగూరు, ఇల్లెందు వైపు బొగ్గు పొరల మీద పరుచుకుని ఉన్నదంతా ఇసుకరాయే. వాగులో నీళ్ళు నున్నగా అరగదీసిన ముక్కని, పిడికిట్లో ఇమిడేదాన్ని ఎంచుకుంటారు. కత్తిపీట వాదర లోపలి వంపున ఉంటుంది కాబట్టి రాయి కాస్త గుండ్రంగా ఉండాలి. దాన్ని నీళ్ళలో నాననిచ్చి, కత్తి మొదలు నుంచి కొస దాకా ఒకే వాలున, ఒకే బరువుతో నడిపిస్తారు. నూరుడంతా ఆ వాలులోనే ఉంది. కూరగాయలు కోసే కత్తికి ఒక్కో పక్క పదిహేను డిగ్రీలు చాలు. ఎముక తగిలేదానికి ఇరవై పైన ఉండాలి. కొలబద్ద ఎవరి దగ్గరా ఉండదు. రాయి సరైన వాలున పడితే చప్పుడు మారుతుంది, ఆ చప్పుడు పట్టుకుని చెయ్యి నడుస్తుంది.

ఒక పక్క నూరుతూ పోతే ఉక్కు సన్నటి పొరలా అవతలి పక్కకి తిరగబడుతుంది. కంటికి కనపడదు. గోటితో వాదరకి అడ్డంగా తడిమితే గరుకుగా తగులుతుంది. అది మొదలు నుంచి కొస దాకా తగిలేదాకా రెండో పక్కకి పోకూడదు. తొందరపడేవాళ్ళు పాడుచేసేది ఇక్కడే. రెండో పక్క కూడా అయ్యాక బరువు తగ్గించి, ఇటొకసారి అటొకసారి రాస్తూ ఆ పొరని పూర్తిగా రాల్చెయ్యాలి. దాన్ని వదిలేస్తే కత్తి ఆ పూట అద్భుతంగా తెగుతుంది, మర్నాటికి మొద్దుబారుతుంది. చివర పాత తోలు బెల్టు మీద వాదరని వెనక్కి లాగుతూ నాలుగు సార్లు తుడిస్తే సరి. పండిన టమాటా మీద కత్తిని ఊరికే ఆనించి లాగి చూడండి. నొక్కకుండా తొక్క తెగిందా, నూరుడు కుదిరినట్టే. ఇంట్లో రాయి లేకపోతే పింగాణీ కప్పు బోర్లించి, అడుగున మెరుగు లేని గరుకు అంచు మీద రాసినా పూట గడుస్తుంది.

ఎండాకాలం ఖమ్మం బజార్లలో ఆవకాయ ముక్కలు కొట్టేవాళ్ళ పదును లెక్క వేరు. టెంకతో సహా ఒక్క వేటుకి కాయ తెగాలి, ముక్కకి టెంక పెంకు అంటుకునే ఉండాలి. అంత సన్నటి వాదర పెడితే రెండు గంపలు తిరిగేసరికి పళ్ళూడిపోతుంది. అందుకే వాలు పెంచి, వాదర వెనక కాస్త ఉక్కు నిలబెడతారు. ఎంత పదును పెట్టాలో తెలిసినవాడు చాలామందే ఉంటారు, ఎక్కడ ఆపాలో తెలిసినవాడే పనివాడు.

అందరిలోకీ నేను పెద్దపీట వేసేది తాటిచెట్లు ఎక్కే గీత పనివాళ్ళకి. మొద్దు కత్తి పడితే తాటిగెల నలిగిపోతుంది, నలిగిన చోట కల్లు కారదు. పూటపూటా గెల కొసని ఉల్లిపొర మందాన చెక్కాలి. వాళ్ళ నూరుడు రాయి మీద కాదు, చెక్క మీద. పలుగురాయిని మెత్తగా దంచిన పొడిని చెక్క మీద చల్లి కత్తిని పరిచి రాస్తారు. గట్టి పొడి, మెత్తటి చెక్క, అంతే యంత్రాంగం. ఆ కత్తితో ముంజేతి వెంట్రుకలు గొరిగి చూపించిన మామని చూశాను. ఖరీదైన జపాను రాళ్ళు తెప్పించుకునేవాళ్ళు ఆ చెక్కని ఒక్కసారి పట్టుకుని చూడాలి.

ఎంత నూరినా ఉక్కులో సత్తువ లేనిదే వాదర నిలవదు. ఆ సత్తువ కొలిమిది. కోయల్లో కమ్మర కోయలని ఒక శాఖే ఉంది. కర్రు, గొడ్డలి, కొడవలి, కత్తి చేసిపెట్టి, బాగుచేసి, పంట ఇంటికొచ్చాక ధాన్యం కొలిపించుకునేవారు. చర్ల దారిలో ఒక కమ్మరి తాత పని చూశాను. లారీ కమాన్ కట్ట ముక్కని దాగలి మీద ఒక దెబ్బ కొట్టి చెవితోనే మంచిచెడ్డలు తేల్చేవాడు. మోగితే కొలిమిలోకి, బీటు పలికితే పక్కకి. ఎర్రగా కాగిన కత్తిని వాదర మేరకే నీళ్ళలో ముంచి పైకి తీసి, చిన్న రాయితో దాన్ని గబగబా రుద్ది మెరుపు తెప్పించేవాడు. వీపులో మిగిలిన వేడి కిందికి దిగుతుంటే ఆ మెరుపు మీద రంగులు నడుస్తాయి. ఎండుగడ్డి రంగు వాదర చేరిందో లేదో, కత్తి మొత్తం నీళ్ళలో పడేది. రెప్పపాటు ఆలస్యమైతే రంగు నీలానికి తిరిగి వాదర మెత్తబడుతుంది. తొందరపడితే ఉక్కు పెళుసెక్కి పెట్లిపోతుంది. ఆ రంగు కనపడాలనే కొలిమి పాకలో వెలుతురు రానివ్వడు. ఇంత పెద్ద పరీక్ష రోజూ చేసినవాడిని ఏ విశ్వవిద్యాలయమూ పిలిచి పీట వెయ్యలేదు.

ఈ నేలకి ఉక్కు కొత్త కాదు. బయ్యారంలో ఇనుపరాయి ఉంది. నిజామాబాదు వైపు కోనసముద్రంలో మూసల్లో వండిన ఉక్కుని పారశీక వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవారు. మన దేశం నుంచి వెళ్ళిన అలాంటి ఉక్కు మీద 1795లో లండన్‌లో పియర్సన్ అనే ఆయన రాయల్ సొసైటీకి పత్రం రాశాడు, స్టోడార్ట్ అనే కత్తుల పనివాడు దానితో చాకు చేసి మురిసిపోయాడు, తర్వాత ఫారడే అతనితో కలిసి ఉక్కు రహస్యం వెతికాడు. లక్కలో కురువిందం పొడి కలిపి చేసే సానచక్రం కూడా మన పాత పనిముట్టే. కురువిందం ఖమ్మం నేలలోనూ ఉంది. 

ఇంత ఉండి, ఇవాళ మన వంటింట్లో ఉన్నదేమిటి? రంగురంగుల ప్లాస్టిక్ పిడి, రేకు లాంటి స్టెయిన్‌లెస్ బద్ద. తుప్పు పట్టదని గొప్ప. కార్బన్ చాలని రేకుకి ఎంత కాచినా గట్టిదనం రాదు, వారానికే పదును పోతుంది. మొద్దు కత్తికి బలం ఎక్కువ పెడతాం, అందుకే అది జారి వేళ్ళు తెగుతాయి. దానికి తోడు, కత్తిని గాడిలో పెట్టి బరబరా లాగే ప్లాస్టిక్ పరికరం ఒకటి. అది నూరదు, వాదరని చీలుస్తుంది. కరెంటు చక్రాలవాళ్ళు ఇంకా ఘోరం. నిప్పురవ్వలు చిమ్ముతుంటే పిల్లలు చప్పట్లు కొడతారు, ఆ వేడికి వాదర నీలం తిరుగుతుంది, కమ్మరి నిలబెట్టిన పదును అక్కడితో సరి. మా అమ్మ కత్తిపీటని నేనే ఒక చక్రం దగ్గర అలా పాడుచేయించుకున్నాను. నీళ్ళు పోస్తూ నూరవయ్యా అని మొత్తుకున్నా వినలేదు. ఆ కోపం నాకింకా తగ్గలేదు.

కొలిమి ఆరిపోవడానికి కారణం స్టెయిన్‌లెస్ ఒక్కటే కాదు. పోలవరం ప్రాజెక్టు ముంపు కింద కూనవరం, వరరామచంద్రాపురం వైపు ఊళ్ళు కదులుతుంటే, ఒక కొలిమిని బతికించే నాలుగు పల్లెలు నాలుగు దిక్కులకి చెదురుతున్నాయి. రిజర్వు అడవిలో కట్టెబొగ్గు కాల్చనివ్వరు. ఈ నేల కింది సింగరేణి బొగ్గు రైళ్ళెక్కి ఎక్కడెక్కడికో పోతుంది, దాని మీదే కూర్చున్న కమ్మరికి తిత్తి ముందు పోసుకోవడానికి బస్తా బొగ్గు అందదు.

భద్రాచలం గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) వారిని అడుగుతున్నాను. కుట్టుమిషన్లు ఇచ్చారు, సంతోషం. కమ్మర కోయ ఇంటికొక దాగలి, చేతితిత్తి బదులు చిన్న బ్లోయరు, నెలకి సరిపడా బొగ్గు ఇప్పించండి. చర్ల, దుమ్ముగూడెం సంతల్లో వాళ్ళకొక నీడ పట్టు చూపించండి. ముసలి కమ్మరి బతికుండగానే ఇద్దరు కుర్రాళ్ళని కూలి ఇచ్చి ఆయన పక్కన కూర్చోబెట్టండి, ఆ ఎండుగడ్డి రంగు పుస్తకం చదివితే పట్టుబడేది కాదు. భద్రాచలం రాముణ్ణి చూడ్డానికి వచ్చే మీరు కూడా తిరుగు ప్రయాణంలో ఆ సంతల దగ్గర దిగండి. బేరమాడకుండా ఒక కత్తి కొనండి. వాడాక కడిగి, తుడిచి, చుక్క నూనె రాయండి, తుప్పు దాని జోలికి రాదు.