ఏడు లోగిళ్ళ కోట

భక్తి కాస్త ఎక్కువగా ఉన్న ఆడమనిషి కనబడితే లోకం రెండే మాటలంటుంది. "మహాతల్లి, ఏ జన్మలో చేసుకున్న పుణ్యమో!" అని కొందరు చేతులు జోడిస్తారు. "పాపం, మనసు బాగున్నట్టు లేదు, ఎవరైనా డాక్టరుకు చూపించకూడదూ!" అని మరికొందరు గుసగుసలాడతారు. కూర్చుని ఆవిడ ఏం చెబుతోందో వినే ఓపిక మాత్రం ఈ ఇద్దరిలో ఎవరికీ ఉండదు.

ఈ రెండు మాటలూ పూర్తిస్థాయిలో అనిపించుకున్న మనిషి స్పెయిన్ దేశపు అవిలా తెరేసా. 1515లో పుట్టి, 1582లో కన్నుమూసిన కన్యాస్త్రీ. చనిపోయిన నలభై ఏళ్ళకు, 1622లో, కేథలిక్ చర్చి ఆమెను పునీతురాలని ప్రకటించింది. 1970లో చర్చి ఆచార్యుల వరసలో చేర్చింది. అంతవరకు ఆ వరసలో ఒక్క స్త్రీ కూడా లేదు. ఇది పూజ సంగతి. ఇక రెండో సంగతి 1895 నాటిది. ఫ్రాయిడ్‌తో కలిసి హిస్టీరియా మీద పుస్తకం రాసిన వియన్నా వైద్యుడు బ్రాయర్, ఈమెను హిస్టీరియాకు ఇలవేల్పుగా పేర్కొన్నాడు. న్యాయంగా చెప్పాలంటే ఆయన తిట్టలేదు. హిస్టీరియా ఉన్నవాళ్ళలోనూ మేధావులుంటారని, కార్యదక్షులుంటారని చెప్పడానికే ఆమె పేరెత్తాడు. కాని అలాంటి బిరుదు ఒకసారి అంటుకుంటే వదలదు కదా!

ఈ రెంటినీ పక్కన పెట్టి ఆమె రాసింది చదివితే ఏమవుతుంది? అందుకు తగిన పుస్తకం 'ఇంటీరియర్ కాజిల్'. తెలుగులో లోపలి కోట అనుకుందాం. 1577 జూన్ 2న టోలేడోలో మొదలుపెట్టి, మధ్యలో ఆపి, నవంబరు 29న అవిలాలో ముగించింది. అప్పటికి ఆమెకు అరవై రెండేళ్ళు. తలలో ఎడతెగని హోరు. ఏటి నీళ్ళు పారుతున్నట్టుగా ఉందని తనే చెప్పుకుంది. అంతకుముందు రాసిన ఆత్మకథ మతవిచారణాధికారుల చేతుల్లో చిక్కుకుని ఉంది. అది తిరిగి వచ్చేదాకా ఆగకుండా ఇంకొకటి రాయమని పైవాళ్ళు ఆజ్ఞాపిస్తే, ఒళ్ళు బాగులేకపోయినా కలం పట్టింది.

పుస్తకంలోని ఊహ చాలా సులువైనది. మనిషి ఆత్మ స్ఫటికంతో కట్టిన కోట. అందులో ఏడు లోగిళ్ళు. నట్టనడుమ ఉన్న ఏడో లోగిట్లో దేవుడుంటాడు. బయట కందకంలో పాములూ పురుగులూ. లోపలికి వెళ్ళే సింహద్వారం ప్రార్థన. విచిత్రమేమిటంటే మనలో చాలామంది సొంత కోటలోకి ఒక్కసారైనా అడుగుపెట్టకుండా గోడ చుట్టూ తిరుగుతూనే బతుకు వెళ్ళదీస్తాం. ఇల్లు మనది, పెత్తనం పురుగులది!

మొదటి రెండు లోగిళ్ళలో ఇంకా తడబాటు. మూడోది దగ్గర మనలాంటివాళ్ళు ఒక్కక్షణం ఆగి చూసుకోవాలి. అక్కడ ఉండేవాళ్ళంతా మంచివాళ్ళే. ఇల్లు తీరుగా దిద్దుకుంటారు, మాట తూకంగా వాడతారు, దానధర్మాలు చేస్తారు, ప్రార్థన వేళ తప్పరు. కాని చిన్న దెబ్బ తగిలితే చాలు, కుదేలైపోతారు. తినడానికీ, మిగల్చడానికీ ఉన్న మనిషికి కొంత డబ్బు పోతుంది. మిగిలిందే కావలసినంత ఉన్నా ఆ పోయినదాని కోసం నిద్రపోడు. ఎవరో కాస్త చులకనగా చూస్తారు. ఆ ముల్లు రోజుల తరబడి గుచ్చుకుంటూనే ఉంటుంది. పైగా తమ బాధకు దైవభక్తి రంగు పులిమి, అది గొప్ప బాధ అనుకుంటారు. వీళ్ళకు నీతులు చెప్పి లాభం లేదు, ఎందుకంటే నీతులన్నీ వాళ్ళకు ముందే వచ్చు అంటుంది తెరేసా. మర్యాదస్తుల మనస్తత్వాన్ని ఇంత మెత్తగా, ఇంత సూటిగా పట్టుకున్న పుటలు నవలల్లో కూడా అరుదు.

నాలుగో లోగిట్లో రెండు తొట్ల పోలిక వస్తుంది. ఒక తొట్టికి నీళ్ళు దూరం నుంచి కాలువల మీదుగా, బోలెడు చప్పుడుతో రావాలి. రెండోది ఊట మీదే కట్టిన తొట్టి. చడీచప్పుడూ లేకుండా నిండుతుంది. మన ప్రయత్నంతో కలిగే తృప్తికీ, అడగకుండా వచ్చి నిండే శాంతికీ ఉన్న తేడా ఇది. అయిదో లోగిట్లో పట్టుపురుగు. గూడు అల్లుకుని అందులోనే చచ్చి, తెల్లని సీతాకోకచిలుకై బయటికొస్తుంది. తనెప్పుడూ పట్టుపురుగును చూడలేదనీ, విన్నదే చెబుతున్నాననీ, తప్పుంటే తన పూచీ కాదనీ కూడా చెప్పేస్తుంది. ఆ నిజాయితీ చూస్తే నవ్వూ వస్తుంది, నమ్మకమూ కలుగుతుంది.

ఇప్పుడు హిస్టీరియా సంగతికి వద్దాం. తెరేసాకు మూర్ఛలు, దర్శనాలు, వాక్కులు ఉన్నమాట నిజమే. ఇరవై నాలుగో ఏట జబ్బుచేసి నాలుగు రోజులు స్పృహ లేకుండా పడి ఉంటే, మఠంలో ఆమెకోసం గొయ్యి కూడా తవ్వి ఉంచారు. తర్వాత మూడేళ్ళ దాకా కాళ్ళూ చేతులూ సరిగా స్వాధీనంలోకి రాలేదు. ఇలాంటి మనిషి తన అనుభవాలన్నిటినీ గుడ్డిగా దేవుడి ఖాతాలో వేసుకుందనుకుంటాం. అక్కడే పొరపడతాం. నాలుగో లోగిట్లోనే ఒక కన్యాస్త్రీ కథ చెబుతుంది. ఆవిడ ఎనిమిదేసి గంటలు చలనం లేకుండా ఉండిపోయేదట. దగ్గరున్నవాళ్ళంతా అది దైవానుగ్రహమనే అనుకున్నారు. తెరేసా మాత్రం, ఉపవాసాలు మాన్పించండి, బాగా తినిపించండి, నిద్రపుచ్చండి, ప్రార్థన గంటలు తగ్గించండి అంది. ఆ స్థితి కాస్తా పోయింది. దానికి ఆమె పెట్టిన పేరును తెలుగులో చెప్పాలంటే మొద్దుబారడం అనాలి. సమాధికీ నీరసానికీ తేడా కనిపెట్టడానికి ఆమె మరో మూడువందల ఏళ్ళు వియన్నా వైద్యుల కోసం ఎదురుచూడలేదు.

అమెరికా తత్త్వవేత్త, మనస్తత్వశాస్త్రవేత్త విలియం జేమ్స్ మీద నాకున్న ఫిర్యాదు కూడా ఇక్కడే. ఆయన ఎడింబరోలో చేసిన ఉపన్యాసాలు 1902లో 'వెరైటీస్ ఆఫ్ రెలిజియస్ ఎక్స్‌పీరియెన్స్' అనే పుస్తకంగా వచ్చాయి. ఇప్పటికీ చదవదగ్గ పుస్తకం. మత అనుభవాన్ని నరాల బలహీనత అని కొట్టిపారేసేవాళ్ళతో మొదటి ఉపన్యాసంలోనే పోట్లాడతాడు. చెట్టును వేళ్ళనుబట్టి కాదు, పండ్లనుబట్టి తెలుసుకోవాలంటాడు. ఆ వాదానికి సాక్ష్యంగా ఎవరిని పిలిచాడనుకున్నారు? తెరేసానే! నిజమైన అనుభవం మనిషికి బలాన్నిస్తుంది, దొంగది నీరసాన్ని మిగులుస్తుంది అని ఆమె ఆత్మకథలో చెప్పిన మాటను ఆధారం చేసుకున్నాడు. తీరా పునీతుల విలువ కట్టే ఉపన్యాసాల దగ్గరికి వచ్చేసరికి ఆయన గొంతు మారిపోయింది. ఆమె తెలివినీ, పట్టుదలనీ, వ్యవహారజ్ఞానాన్నీ, రచనాశైలినీ మెచ్చుకున్నాడు. ఆ వెంటనే, ఇంత ప్రాణశక్తి ఇంత అల్పమైన పనికి ఖర్చయిపోయిందే అని జాలిపడ్డాడు. ఆమె భక్తి ఆయన కంటికి భక్తురాలికీ భగవంతుడికీ మధ్య తెగని సరసంలా కనబడింది.

తూకపురాయిని ఆమె దగ్గరే అరువు తెచ్చుకుని, ఆమెను తూచేటప్పుడు మాత్రం ఇంట్లో మరిచిపోతే ఎలా? పండ్లనుబట్టే చూద్దామన్నారు కదా, చూద్దాం. 1562లో అవిలాలో చిన్న మఠంతో మొదలుపెట్టి, చనిపోయేనాటికి ఆమె చొరవతో ఏర్పడిన మఠాలు 17. గుడారం కప్పిన బళ్ళమీద, జ్వరంతో, ఎండలో, వానలో తిరిగింది. ఇళ్ళు బేరమాడింది. అప్పులు తీర్చింది. దావాలు నడిపింది. ఇవాళ మిగిలి ఉన్న ఆమె ఉత్తరాలు నాలుగు వందలకు పైనే. వాటిలో దర్శనాలకన్నా డబ్బు లెక్కలూ, ఒంటి నలతలూ, ఎవరికి ఏం పంపాలన్న సంగతులే ఎక్కువ. రోములో బెర్నీని చెక్కిన పాలరాతి విగ్రహంలో మాత్రం ఆమె శాశ్వతంగా కళ్ళు మూసుకుని, వెనక్కి వాలిపోయి ఉంది. లోకానికి ఆ బొమ్మే నచ్చింది. బండి దిగి ఇంటి అద్దె మాట్లాడుతున్న తెరేసాను ఎవరు చెక్కుతారు?

ఆమె తన మఠాల గురించి రాసిన మరో పుస్తకంలో, వంటపని పడిన చెల్లెళ్ళకు ధైర్యం చెబుతూ, దేవుడు వంటగదిలో గిన్నెల మధ్య కూడా తిరుగుతాడంటుంది. ఈ మాటను చాలామంది గోడమీద రాసుకునే సూక్తిగా వాడతారు. లోపలి కోట చదివితే అది తీపిమాట కాదనీ, ఆమె సిద్ధాంతానికి మూలస్తంభమనీ తెలుస్తుంది. అయిదో లోగిట్లోనే, ప్రార్థనలో ఉన్న హాయి ఎక్కడ చెదిరిపోతుందోనని కదలకుండా, మెదలకుండా ముడుచుకు కూర్చునేవాళ్ళను మందలిస్తుంది. పక్కన జబ్బుమనిషి ఉంటే లేచి సాయం చెయ్యి, నీ భక్తి పోతే పోయింది, అవసరమైతే నీ అన్నం ఆవిడకు పెట్టు అంటుంది. ఏడో లోగిట్లో, అన్ని మెట్లూ ఎక్కి దేవుడి సన్నిధికి చేరాక ఏం దొరుకుతుందనుకుంటాం? అక్కడ ఆమె మనకు లూకా సువార్తలోని మార్తనూ మరియనూ చూపిస్తుంది. ఏసు పాదాల దగ్గర కూర్చుని వినేది మరియ. ఇంటిపనితో సతమతమయ్యేది మార్త. మరియ మంచిదాన్ని ఎన్నుకుందని వినీ వినీ ఎందరు మార్తలు చిన్నబుచ్చుకున్నారో! తెరేసా ఆ ఇద్దరినీ కలిపేస్తుంది. ఇద్దరూ పాదాల దగ్గరే కూర్చుంటే వచ్చిన అతిథికి అన్నం ఎవరు పెడతారని అడుగుతుంది. ఆమె కోటలో చివరి గది చేతులు కట్టుకు కూర్చునే గది కాదు, పని మొదలయ్యే గది.

ఈ పుస్తకంలో లోపాలు లేవని కాదు. మొత్తం 27 అధ్యాయాల్లో 11 ఆరో లోగిలికే పోయాయి. దర్శనాల్లో ఎన్ని రకాలో, ఏది నమ్మాలో, ఏది నమ్మకూడదో అన్న చర్చ మామూలు పాఠకులకు విసుగు పుట్టిస్తుంది. మధ్యలో దారి తప్పి, ఎక్కడున్నానో మరిచిపోయానని తనే ఒప్పుకుంటుంది. ఇవి సర్దుకోవచ్చు. అంతకన్నా ఇబ్బంది పెట్టేది మరొకటుంది. పుటపుటకూ తనను తాను కించపరుచుకోవడం. చదువులేని ఆడదాన్ని, బుద్ధి తక్కువదాన్ని, నాకేం తెలుసు అన్న ధోరణి. తగ్గి ఉండమని పుట్టినప్పటినుంచీ వింటున్న ఆడవాళ్ళకు మళ్ళీ ఇదే పాఠమా అనిపిస్తుంది.

దీనికి ఒక సమాధానం ఆమె కాలంలో ఉంది. ఆమె తాత యూదుమతం నుంచి వచ్చిన క్రైస్తవుడు. పాత ఆచారాలు వదలలేదన్న నేరం మీద 1485లో టోలేడోలో ఆయనకు బహిరంగంగా ప్రాయశ్చిత్తం విధించారు. 1559లో స్పెయిన్‌లో దేశభాషలోని భక్తిగ్రంథాలెన్నో నిషేధానికి గురయ్యాయి. లాటిన్ రాని ఆమెకు చదువుకునే పుస్తకాలే కరువయ్యాయి. అలాంటి రోజుల్లో ఒక స్త్రీ దేవుడి గురించి బోధిస్తున్నానంటే ఊరుకుంటారా? "నాకేం తెలుసు" అంటూనే తెలిసినదంతా చెప్పేసింది. ఆ వినయంలో ఎంతో నేర్పు ఉందని ఏలిసన్ వెబర్ అనే విమర్శకురాలు 1990లో ఒక పుస్తకమే రాసింది. రెండో సమాధానం లోపలి కోటలోనే ఉంది. ఎప్పుడూ మన తప్పుల బురదనే తవ్వుకుంటూ కూర్చుంటే మనిషి పిరికిదవుతుంది తప్ప వినయవంతురాలు కాదు అని మొదటి లోగిట్లోనే హెచ్చరిస్తుంది. అయినా ఆ మాటలు మనసుకు గుచ్చుకోవడం మానవు. మానకపోవడమే మంచిదేమో!

ఈమెను రోగిగానూ కాకుండా, విగ్రహంగానూ కాకుండా చదివినవాళ్ళు లేకపోలేదు. జర్మనీలో హుస్సెర్ల్ శిష్యురాలైన ఎడిత్ స్టెయిన్ యూదు కుటుంబంలో పుట్టింది, తత్త్వశాస్త్రంలో డాక్టరేటు పొందింది. 1921లో ఒక స్నేహితురాలి ఇంట్లో తెరేసా ఆత్మకథ చదివింది. మరుసటి ఏడు జనవరి 1న క్రైస్తవం పుచ్చుకుంది. తర్వాత తెరేసా సంప్రదాయంలోనే కన్యాస్త్రీ అయింది. తత్త్వవేత్త కళ్ళతో ఈ కోటను పరిశీలిస్తూ వ్యాసం కూడా రాసింది. 1942లో ఆష్‌విట్స్‌లో నాజీలు ఆమెను చంపేశారు. చదివి జాలిపడిన విలియం జేమ్స్, చదివి జీవితాన్నే మార్చుకున్న ఎడిత్ స్టెయిన్, ఇద్దరూ తత్త్వవేత్తలే. తేడా చదువులో లేదు, చెవి ఒగ్గి వినడంలో ఉంది.

ఇంగ్లీషులో పీర్స్ అనువాదం, కావనా, రోడ్రిగెజ్ కలిసి చేసిన అనువాదం దొరుకుతాయి. క్రైస్తవులే చదవాలని లేదు. వరసగా చదవలేనివాళ్ళు మూడో లోగిలితో మొదలుపెట్టండి. అక్కడ మన ముఖం మనకు కనబడుతుంది. తర్వాత నాలుగూ, అయిదూ, ఆపైన ఏడూ చదవండి. ఆరోదానికి తీరిక దొరికినప్పుడు రావచ్చు. ఈలోగా ఎవరైనా వచ్చి పిలిస్తే పుస్తకం మూసి లేవండి. తెరేసా ఏమీ అనుకోదు.