పెరటి పొద్దుతిరుగుడు

వేరుసెనగకు పేరుపడిన అనంత సీమలో, వానమబ్బు ముఖము చాటుచేసికొనుటకు అలవాటుపడిన నల్లమాడ వంటి యూళ్ల ఎఱ్ఱనేలలో, పెరటి గోడ వెంబడి నాలుగు పొద్దుతిరుగుడు మొక్కలను నిలబెట్టగల గృహిణి నేర్పును మనము కృషి యని గుర్తింపకపోవుట న్యాయము కాదు. రాత్రి నానవేసిన గింజను అంగుళమున్నర లోతున, మూరకొకటి చొప్పున నాటి, మొలచిన పిదప బలహీనమైనవానిని నిర్దాక్షిణ్యముగా పెఱికి, బియ్యము కడిగిన నీటిని వ్యర్థపుచ్చక వేళ్ల కందించును. మొగ్గ తొడుగు నాటినుండి గింజ పాలుపోసికొను వఱకు మాత్రము తడి ఆరనీయదు, ఏలయన అప్పటి దాహమే తాలుగింజకు మూలము. లేతమొగ్గ పగలెల్ల సూర్యుని ననుసరించి పడమటికి తిరిగి, రాత్రివేళ మరల తూర్పునకు చేరును గాని, పూర్తిగా విచ్చిన పువ్వు తూర్పుముఖముగానే నిలిచిపోవును. ఉదయపుటెండకు వేగముగా వెచ్చబడిన ఆ పువ్వునే తేనెటీగలు ఎక్కువగా నాశ్రయించును. ఈగలు చాలనిచో, ఉదయము 9 గంటలకును 11 గంటలకును నడుమ మెత్తని గుడ్డతో పువ్వును మృదువుగా నిమిరి, ఆ గుడ్డనే పక్కపువ్వునకు తాకించి పుప్పొడి నందించు హస్తలాఘవము, నా దృష్టిలో, ఈ విద్యకంతటికిని శిఖరము. చిలుకల సంగతి చెప్పనక్కఱలేదు. మెఱయు రిబ్బనులు కట్టినను తమ వాటా తాము పుచ్చుకొనియే పోవును. పువ్వు వెనుకభాగము నిమ్మపండు పసుపునకు తిరిగినప్పుడు కోసి, ఎండబెట్టి, కఱ్ఱతో కొట్టి గింజలు రాల్చుదురు. విత్తిన సుమారు 90 దినములకు పంట చేతికి వచ్చును.