కద్మా వేడికి తగిన రాను

హాప్స్ దండిగా వేసిన లాగర్ బీరును ఇంట్లో చేసుకోవాలంటే మొదట తేల్చుకోవలసింది ఈస్ట్ సంగతి. ఈ పని చేసేవాళ్లు ఎక్కువగా నమ్మేది జర్మనీలోని వైహెన్‌స్టెఫాన్ నుంచి వచ్చిన 34/70 రకాన్ని. అది తన వాసన పెద్దగా వదలదు కాబట్టి హాప్స్ చేదు, పరిమళం నాలుకకు నేరుగా తగులుతాయి. కాకపోతే లాగర్ ఈస్ట్‌కు మామూలుగా 10, 12 డిగ్రీల చలి కావాలి. మే నెలలో 40 డిగ్రీలు దాటే జంషెడ్‌పూర్ కద్మాలో ఫ్రిజ్ లేకుండా అది కుదరదు. ఈ నేల వేడికి సరిపోయే ఈస్ట్‌ను మాత్రం ఇక్కడి సంతాలీ, హో, ముండా స్త్రీలు ఎన్నో తరాల కిందటే ఎంచుకున్నారు. వాళ్లు బియ్యంతో చేసే హాండియా అనే బీరు కుండలో పడే రాను అనే తోడు బిళ్ళలో ఉన్నది అదే.

ఉక్కు కర్మాగారంలో పనికోసం వచ్చి స్థిరపడ్డ మన తెలుగువాళ్లం రోడ్డు పక్కన హాండియా అమ్మే ఆడవాళ్లను రోజూ చూస్తూనే ఉంటాం. చౌక మత్తు అనుకుని దాటిపోతాం. అందులో ఎంత విద్య ఉందో ఆగి అడిగినవాళ్లు తక్కువ.

అన్నం వండి, పరిచి, బాగా చల్లారనిస్తారు. వేడి మిగిలితే ఈస్ట్ చచ్చిపోతుంది. రాను పొడి చల్లి, చేత్తో కలిపి కుండకెత్తి మూత పెడతారు. ఎండాకాలం రెండు మూడు రోజులు చాలు, చలికాలం ఇంకొంత పడుతుంది. తరవాత నీళ్లు పోసి వడకడతారు.

అసలు చిక్కు బియ్యంలో ఉంది. బార్లీని మొలకెత్తిస్తే అందులో పుట్టే ఎంజైములే పిండిని చక్కెరగా మారుస్తాయి. వండిన అన్నంలో ఆ శక్తి ఉండదు, ఈస్టేమో పిండిని నేరుగా తినలేదు. అందుకే రానులో ఈస్ట్ ఒక్కటే ఉండదు. రైజోపస్ వంటి బూజులు పిండిని చక్కెర చేస్తుంటే, ఈస్ట్ ఆ చక్కెరను ఆల్కహాల్‌గా మారుస్తుంది, లాక్టిక్ బాక్టీరియా పులుపు తెస్తుంది. బీరు బట్టీలో విడివిడిగా జరిగే పనులు ఇక్కడ ఒకే కుండలో, ఒకేసారి సాగుతాయి.

రాను తయారీకి నానిన పచ్చి బియ్యం దంచిన పిండిలో అడవి వేళ్లు, బెరళ్ల పొడి కలిపి ఉండలు చేస్తారు. పాత రాను పొడి కొంత అద్ది, గడ్డిలో కప్పి ఉంచి, ఆపైన ఎండబెడతారు. మనం పెరుగుకు నిన్నటి తోడు వేసినట్టే ఇదీ. బాగా కుదిరిన హాండియా ఏ రానుతో వచ్చిందో ఆ రానే తరవాతి ఉండలకు తోడవుతుంది. ఇలా తరాల పాటు సాగిన ఎంపికను విజ్ఞానమని పిలవడానికి నాకు ఏ సంకోచమూ లేదు. 1883లో కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ హాన్సెన్ ఒకే ఈస్ట్ కణం నుంచి శుద్ధమైన సంతతిని పెంచి లాగర్‌కు స్థిరమైన రుచి ఇచ్చాడు. ఆయన ఒక్కదాన్ని వేరుచేశాడు, ఈ స్త్రీలు ఒక గుంపు మొత్తాన్ని చెదరకుండా కాపాడుకొచ్చారు. బీరులో హాప్స్ చేసే పనిని ఇక్కడ అడవి మూలికలు చేస్తాయి: చేదునిస్తాయి, అక్కర్లేని సూక్ష్మజీవులను అదుపులో పెడతాయి.

సర్హుల్, మాగే పండుగల్లో హాండియా మొదట పూర్వీకులకూ బోంగాలనే దేవతాత్మలకూ అందుతుంది. బజారులో అమ్మకం వేరే కథ. పూట గడవక అమ్ముతున్న ఆడవాళ్లను ఇతర ఉపాధి వైపు మళ్లించడానికి జార్ఖండ్ ప్రభుత్వం 2020లో ఫూలో ఝానో ఆశీర్వాద్ పథకం తెచ్చింది. అది మంచి పనే. అయితే అమ్మకం మానినవాళ్లతోపాటు రాను చేయడం తెలిసిన చేతులు కూడా ఖాళీ అయిపోకూడదు. ఏ ఊరి రానులో ఏ వేరు పడుతుందో చేసేవాళ్ల పేర్లతోసహా రాసిపెట్టాలి. వాళ్లు ఒప్పుకుంటే ఆ బిళ్ళలను ప్రయోగశాలల్లో భద్రపరచాలి. అడవి తరిగి ఆ వేళ్లు దొరకని ఊళ్లలో ఈ పని ముందుగా మొదలుపెట్టాలి.