నడిమి మూత

కారు చక్రం నడుమ ఉండే, అరచేతిలో పట్టే ప్లాస్టిక్ మూతను తీసి పెట్టడం కూడా ఒక పనితనమేనా? ముమ్మాటికీ. చాలా మూతలను పట్టి ఉంచేవి వెనకవైపున్న సన్నని క్లిప్పులే. ఒకేచోట స్క్రూడ్రైవర్ దూర్చి బలంగా తిప్పితే మూత వస్తుంది గానీ క్లిప్పు విరుగుతుంది, రిమ్ము మీద గీత మిగులుతుంది. పని తెలిసినవాడు ముందు చూస్తాడు: మూత నట్ల కింద నొక్కి ఉందా, విడిగా బిగుసుకుని ఉందా అని. నట్ల కిందైతే పానా పట్టాల్సిందే, పెరికితే పగులుతుంది. అల్లాయ్ చక్రాన్ని ఎలాగూ విప్పినప్పుడు చాలా రకాలకు వెనక నుంచి వేళ్లతో తోస్తే చాలు. ముందు నుంచే తీయాల్సి వస్తే మొనకు గుడ్డ చుట్టి, అంచు వెంట కొంచెం కొంచెంగా లేపుతాడు. పెట్టేటప్పుడు క్లిప్పుల్లోని మట్టి తుడిచి, అరచేత్తో చుట్టూ సమంగా నొక్కుతాడు; ‘టక్’మన్నాక ఒకసారి లాగి చూస్తాడు. సుత్తికి ఇక్కడ చోటు లేదు.

మూత లేకున్నా బండి నడుస్తుంది కదా అనొచ్చు. నిజమే, మూత ఊడినంత మాత్రాన చక్రమేమీ ఊడదు. కానీ ఎర్రవల్లి చౌరస్తాలో 44వ జాతీయ రహదారి దిగి, గద్వాల చుట్టూ పత్తి చేల మట్టిదారుల్లో తిరిగే కారుకు హబ్ నట్టు మీద బురద పేరుకుని తుప్పు పడితే, రేపు దాన్ని విప్పేవాడికి తెలుస్తుంది బాధ. పోతే కొత్తది కొంటామన్న వాదన ఇంకా బలహీనం: కొలత కాస్త తేడా ఉన్నా అది ఎక్కదు, ఎక్కినా దారిలో రాలిపోతుంది. నూలు చీరకు పట్టు అంచు కలిపి నేసే గద్వాలకు అతుకు విలువ ఒకరు చెప్పనక్కర్లేదు. పంక్చర్ షాపులో మాత్రం ఆ జాగ్రత్తకు విడిగా కూలి ఉండదు. పంక్చర్ డబ్బుల్లోనే కలిసిపోతుంది.